ఐరన్ దించే మందు: రాత్రి పంపు మేలా, పొద్దున గోలీ మేలా?

తలసీమియా మేజర్ అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. ఈ పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. ఒక్కో సంచితో 200-250 మి.గ్రా. ఐరన్ ఒంట్లోకి వస్తుంది, బయటికి పోయేది మాత్రం రోజుకు 1-2 మి.గ్రా.లే. మిగిలిందంతా కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. అందుకే 10-20 సార్లు ఎక్కించాకో, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్తపరీక్ష) 1000 దాటాకో ఐరన్ దించే మందు మొదలుపెడతారు.

డెఫెరాక్సమిన్ పాత మందు, గట్టి మందు. రక్తంలో అరగంట కూడా సరిగా నిలవదు కాబట్టి ఒక్క సూదితో పని కాదు. పొట్ట చర్మం కింద సన్న సూది గుచ్చి, చిన్న పంపుతో 8-12 గంటలు మెల్లగా ఎక్కించాలి, అదీ వారానికి 5-7 రాత్రులు. 500 మి.గ్రా. సీసాకు 5 మి.లీ. స్టెరైల్ వాటర్ కలపాలి. నీళ్లు తగ్గితే మందు చిక్కనై గుచ్చినచోట ఎర్రగా గడ్డ కడుతుంది. నాట్లప్పుడు తెల్లారకముందే కూలికి పోయే ఇంట్లో, పాలమూరు నుంచి వలసపోయే ఇంట్లో ఇన్ని రాత్రులు పంపు నడవడం కష్టం. తప్పిన రాత్రి ఐరన్ దిగదు.

డెఫెరాసిరాక్స్ గోలీ రోజుకొక్కసారే. నీళ్లలో కలిపే రకమైతే మామూలుగా కిలోకు 20 మి.గ్రా.తో మొదలు, అంటే 20 కిలోల పిల్లకు 400. పరగడుపున, తిండికి అరగంట ముందు తాగించాలి. తాగాక గ్లాసు అడుగు చూడండి. తెల్లగా అంటుకున్నదీ మందే. ఇంకొన్ని నీళ్లు పోసి, తిప్పి, అదీ తాగించాలి. ఫెర్రిటిన్ దిగట్లేదని మోతాదు పెంచేముందు ఈ గ్లాసు సంగతి అడగాలి. ఇదే మందు పూత గోలీ (నేరుగా మింగేది) అయితే మోతాదు తక్కువ, రెండింటినీ లెక్క లేకుండా మార్చొద్దు. కిడ్నీల కోసం నెలనెలా క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి. నల్లగొండ ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే గోలీ ఆపి వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

డెఫెరిప్రోన్ గుండెలోని ఐరన్‌ను బాగా లాగుతుంది. కానీ రోజుకు మూడు పూటలు వేయాలి, జబ్బులతో పోరాడే తెల్లకణాలు ఉన్నట్టుండి పడిపోవచ్చు. జ్వరమొస్తే మందు ఆపి అదేరోజు సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించాలి. ఊళ్లో జ్వరం సూదితో సరిపెట్టుకోవద్దు.

గుండె బాగున్న పిల్లలకు తప్పకుండా పడే డెఫెరాసిరాక్స్ గోలీయే మేలంటాం. గుండె ఎంఆర్‌ఐలో టీ2 స్టార్ (గుండెలో ఐరన్ ఎంతుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఐరన్ ఎక్కువున్నట్టు) 10 కిందికి వస్తే మాత్రం పంపు, డెఫెరిప్రోన్ కలిపి వాడాల్సిందే. ఏది వాడుతున్నా, బడిలో పంచే ఐరన్ గోలీ ఈ పిల్లలకు వేయొద్దని టీచరుకు ముందే చెప్పిపెట్టండి.