ఇరవై వేల లోపు స్ట్రాట్ కాపీ, గోదావరి తేమ: కొన్నేళ్ళు వాయించాక రివ్యూ

గిటార్ రివ్యూలు ఎక్కువగా కొన్న వారంలోనే రాస్తారు, డబ్బా విప్పి, రంగు చూపించి, నాలుగు కార్డ్స్ కొట్టి పదికి తొమ్మిది వేసేస్తారు. నేను నాలుగైదేళ్ళు ఆగి రాస్తున్నాను. మాది పాలకొల్లు పక్క ఊరు. ఆదివారం చర్చిలో, ముహూర్తాలున్నప్పుడు పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, సంక్రాంతికి ఎవరు పిలిస్తే వాళ్ళ స్టేజీ మీద, అన్ని చోట్లా ఈ ఒక్క గిటారే వాయించాను. అందుకని దీని గుణమూ దోషమూ చేతికి బాగానే తెలుసు.

వస్తువేంటంటే స్ట్రాట్ ఆకారం (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్‌ది), 25.5 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు), 22 ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు), మేపుల్ నెక్, రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర ఒక హంబకర్ (జంట కాయిల్స్ పికప్), ఆరు స్క్రూల ట్రెమొలో (బార్ ఊపితే శ్రుతి మారే బ్రిడ్జ్). పికప్ అంటే తీగ కదలికని పట్టుకునే అయస్కాంతపు కాయిల్. బ్రాండ్ పేరు రాయను. ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఇదే బాపతు, కింద రాసేది వాటిలో దేనికైనా పనికొస్తుంది.

అందరూ ముందు సౌండ్ ఎలా ఉందని అడుగుతారు. సౌండ్ బాగానే ఉంది. అసలు గొడవంతా ఎడమ చేతి దగ్గరే.

కొన్నప్పుడు షాపులో "సెటప్ చేసే ఇస్తున్నామండీ" అన్నారు. సెటప్ అంటే నెక్ వంపూ తీగల ఎత్తూ చేతికి తగ్గట్టు సరిచెయ్యడం, వాళ్ళు చేసిందల్లా కొత్త తీగలేసి ట్యూన్ చెయ్యడం. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకి, ఫ్రెట్‌కి మధ్య రెండున్నర మిల్లీమీటర్ల పైనే ఖాళీ ఉంది. దానికన్నా పెద్ద బాధ మొదటి మూడు ఫ్రెట్ల దగ్గర. F కార్డ్ పట్టుకుని పాట మొత్తం వాయిస్తే బొటనవేలి మొదలు నుంచి మోచేయి దాకా లాగేసేది. ఇలాంటప్పుడు మన దగ్గర అందరూ చెప్పే మాట ఒకటే కదా, ప్రాక్టీస్ చెయ్యి, వేళ్ళు కాయలు కాస్తే అదే పోతుందని. అది సగమే నిజం. వేలి కొస నొప్పయితే కాయ కాసి పోతుంది. మణికట్టు నొప్పి, మోచేతి కింద కండరం బిగుసుకుపోవడం కాయలతో పోయే నొప్పి కాదు, అవసరానికి మించి నొక్కుతున్నామని చెయ్యి చెప్పడం అది. ఆ నొప్పితోనే సాధన చేస్తూ పోతే బలం రాదు, గట్టిగా పిసికే అలవాటు వస్తుంది, తర్వాత మంచి గిటార్ చేతికిచ్చినా ఆ పిసుకుడు పోదు.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది, ఎవరైనా చేసుకోవచ్చు. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, ట్యూన్ చేసి, అవే కార్డ్ ఆకారాలు వాయించండి. ఉన్నట్టుండి గిటార్ మెత్తబడ్డట్టు అనిపిస్తే తప్పు మీ వేళ్ళది కాదు, నట్‌ది, అంటే నెక్ కొసన తీగలు కూర్చునే గాడులున్న పట్టీది. కేపో పెట్టినప్పుడు నట్ లెక్కలోంచి తప్పుకుంటుంది, తీగ ఫ్రెట్ మీదనుంచే మొదలవుతుంది, తేడా అక్కడ తెలిసిపోతుంది. నా గిటార్‌కి ఆ తేడా ఎంతుందంటే కేపో తియ్యబుద్ధి కాలేదు.

నట్ గాడులు ఎత్తుగా ఉంటే ఇంకో నష్టం కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. తీగని ఎంత దూరం కిందికి నొక్కితే అది అంత సాగుతుంది, సాగితే శ్రుతి పైకి పోతుంది. ఓపెన్ తీగలు ట్యూనర్‌లో ఆకుపచ్చ చూపిస్తాయి, F పట్టుకుంటే మాత్రం కీబోర్డ్‌తో కలవదు. చర్చిలో మా కీబోర్డ్ అన్నయ్య పాట మధ్యలో నా వైపు చూసేవాడు, నేను ట్యూనర్ వైపు చూసేవాణ్ణి, ఇద్దరి లెక్కా కరెక్టే. నేర్చుకునే వయసులో ఉన్న పిల్లలకి ఇది మరీ చేటు, తమ చెవి మీదే నమ్మకం పోతుంది. రాజమండ్రిలో ఒకాయన దగ్గర నట్ గాడులు లోతు చేయించాను, ఎనిమిది వందలు తీసుకున్నారు. ఈ గిటార్ మీద నేను పెట్టిన డబ్బుల్లో అంత ఫలితమిచ్చింది ఇంకోటి లేదు. ఈ ఒక్క పని మాత్రం సొంతంగా చెయ్యకండి. గాడి ఒక వెంట్రుకవాసి ఎక్కువ దిగిందంటే ఓపెన్ తీగ జివ్వుమంటుంది, మళ్ళీ కొత్త నట్టే వెయ్యాలి. మిగతావన్నీ ఇంట్లో చేసుకోవచ్చు.

ఇంట్లో చేసుకోవచ్చు అనడం కన్నా మన ప్రాంతంలో ఉంటే చేసుకోక తప్పదు అనాలి. సెటప్ అంటే ఒకసారి చేయించి మర్చిపోయే పని అని పుణెలోనో బెంగళూరులోనో ఉన్నవాళ్ళు అనుకుంటే అనుకోవచ్చు. చెక్క తేమ పీలుస్తుంది, వదుల్తుంది. వానలు పడి కాలవలు నిండుగా పారుతున్న రోజుల్లో, అందులోనూ అక్టోబరు నవంబరు తుపాన్లప్పుడు, నా గిటార్ నెక్ తీగల లాగుడికి ముందుకి వంగుతుంది, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) పెరుగుతుంది, పైన సోలో ఫ్రెట్లన్నీ బరువైపోతాయి. రోహిణీ కార్తెలో పడమటి గాలి తిరిగితే దీనికి ఉల్టా. నెక్ తిన్నగా అయిపోయి, ఒక్కోసారి వెనక్కి పోయి, మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గర బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలి జివ్వుమనడం) మొదలవుతుంది. చెక్క ముడుచుకుని నెక్ అంచున ఫ్రెట్ కొసలు బయటికి పొడుచుకొస్తాయి, అరచెయ్యి గీసుకుపోతుంది. ఆ కొసలు సన్న ఆకురాయితో ఒకసారి నున్నగా చేసేశాక మళ్ళీ రాలేదు. ఏసీ కల్యాణమండపంలోంచి బయట ఊరేగింపు బండి మీదకి ఎక్కి వాయించాల్సిన రోజు గురించి ఇక వేరే చెప్పక్కర్లేదు.

నెక్ వంపు సరిచేసేది దాని లోపలుండే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్. దాని పేరు చెబితే మనవాళ్ళు బాంబు ముట్టుకోమన్నట్టు భయపడతారు. అన్నిటికన్నా లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీలో కలిసే చోటా ఒకేసారి నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకి ఫ్రెట్‌కి మధ్య ఎంత సందుందో చూడాలి. ఫెండర్ వాళ్ళ సొంత కొలతల్లో 9.5 నుంచి 12 అంగుళాల రేడియస్ (ఫ్రెట్‌బోర్డ్ అడ్డంగా ఎంత వంపుందో చెప్పే కొలత) ఉన్న నెక్కులకి ఆ సందు 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటరు. అది కంటితో తెలిసేది కాదు, ఫీలర్ గేజ్ (సన్నటి కొలత రేకుల కట్ట) కావాలి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టక్కర్లేదు, ఏ బైక్ మెకానిక్ దగ్గరైనా ఉంటుంది, టాపెట్లు సెట్ చేసేది దాంతోనే. మా సెంటర్లో మెకానిక్ బాబాయిని అడిగితే "ఏరా అబ్బాయ్, గిటారుక్కూడా టాపెట్లుంటాయేంటి?" అని నవ్వి, "ఆయ్, పట్టుకెళ్ళు, సాయంత్రానికి ఇచ్చెయ్యాలి" అన్నాడు. గ్రీజు తుడుచుకుని వాడాలి, అంతే. సందు ఎక్కువుంటే రాడ్‌ని బిగించాలి, తక్కువుంటే వదులు చెయ్యాలి, ఎప్పుడైనా పావు చుట్టుకి మించి తిప్పకూడదు, తిప్పాక మళ్ళీ ట్యూన్ చేసి కాసేపాగి కొలవాలి. గట్టిగా పట్టేస్తే బలవంతం చెయ్యొద్దు. వానలు మొదలయ్యాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి ఈ పని చేసుకుంటాను, పావుగంట పని.

నెక్ కుదిరాకే శాడిల్స్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్కలు) ఎత్తు ముట్టుకోవాలి, వరస మారిస్తే రెండుసార్లు పని. ఇక్కడే నాకు చాలామందితో పేచీ. యాక్షన్ ఎంత తక్కువైతే అంత మంచి సెటప్ అని ఒక నమ్మకం బలంగా ఉంది. నేనూ తీగల్ని ఫ్రెట్లకి అంటుకున్నట్టు దించి కొన్నాళ్ళు వాయించి చూశాను. స్పీడు వస్తుంది, నిజమే. కానీ మన పాటల్లో స్పీడు కన్నా జారుడూ లాగుడూ ఎక్కువ. తీగ మరీ కింద ఉంటే బెండ్ చేసేటప్పుడు, అంటే తీగని పక్కకి లాగేటప్పుడు, వేలి కొస దాని కిందకి పట్టు దొరకబుచ్చుకోదు, పక్క తీగ గోరు మీదకి ఎక్కేస్తుంది, అడ్డంగా ఎక్కువ వంపున్న నెక్ అయితే పైన ఫ్రెట్లలో స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. ఫెండర్ కొలత పదిహేడో ఫ్రెట్ దగ్గర 1.6 మిల్లీమీటర్లు. నేను దానికి కొంచెం పైనే ఉంచాను, లావు తీగల వైపు ఇంకాస్త. ఆ ఎత్తులో వేలికి తీగ దొరుకుతుంది, గట్టిగా మీటినా బజ్ రాదు. స్టేజీ మీద ఉత్సాహంలో ఇంట్లో కన్నా గట్టిగా కొడతాం కదా, సోఫాలో కూర్చుని చేసిన సెటప్ అక్కడ నిలబడదు.

తీగ వేలికి లొంగాలన్న సంగతి మా ఊరివాళ్ళకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) పుట్టింది పాలకొల్లులోనే. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని జతల బదులు ఒంటి తీగలు, వాటికి తోడు ఐదో తీగ పెట్టుకున్నారు. జంట తీగలు లాగితే రెండూ సమంగా సాగాలి, అలా గమకం పలికించడం నరకం. ఒంటి తీగైతే లొంగుతుంది, పికప్ ఉంటే నాదం నిలుస్తుంది. అంత ప్రతిభ ఉన్న మనిషే ముందు వాయిద్యాన్ని తన చేతికి తగ్గట్టు మార్చుకున్నాడు, మనం మాత్రం షాపువాడు ఇచ్చినదానికి చేతిని మార్చుకుంటాం. మెటల్ సంగీతం వినేవాళ్ళకి బ్లాక్ సబ్బత్ గిటారిస్ట్ టోనీ అయోమీ సంగతి తెలిసే ఉంటుంది. 1965లో ఫ్యాక్టరీ ప్రమాదంలో ఫ్రెట్స్ నొక్కే చేతి వేళ్ళ కొసలు పోతే సన్న తీగలు వేసుకున్నాడు, తర్వాత 1971 నాటికి శ్రుతి కూడా మూడు అరస్వరాలు కిందికి దించాడు. ఆ బరువైన సౌండ్‌లో కొంత ఆ వేళ్ళ ఇబ్బందిలోంచి వచ్చిందే.

తీగల సైజు గురించి పెద్దగా చెప్పేది లేదు. ఈ స్కేల్ మీద 9–42 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో, సన్న తీగ మందం 9, లావు తీగది 42) మొత్తం లాగుడు సుమారు 38 కిలోలు, 10–46 అయితే 46 కిలోల దాకా. సైజు మార్చిన ప్రతిసారీ నెక్ వంపు, వెనక స్ప్రింగ్‌ల బిగువు, ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలో కూడా శ్రుతి కలవడం) అన్నీ మళ్ళీ చూసుకోవాలి, కాబట్టి ఒకటి అనుకుని దాని మీద ఉండిపోండి. నేను 9 మీద ఉన్నాను. మావైపు అసలు శత్రువు చెమటా ఉప్పుగాలీ. పేరుపాలెం, అంతర్వేది వైపు ప్రోగ్రాం చేసొచ్చి తుడవకుండా పెట్టెలో పడేస్తే రెండ్రోజుల్లో సన్న తీగలు గరుకెక్కుతాయి. కోటింగ్ ఉన్న తీగలు ధర రెండింతలు, కానీ ఇక్కడ గిట్టుబాటవుతాయి. కోనసీమ చుట్టుపక్కలున్నాం కదా అని ఫ్రెట్‌బోర్డ్‌కి కొబ్బరినూనె రాసేవాళ్ళున్నారు, దయచేసి వద్దు, జిడ్డు నిలిచిపోయి దుమ్ము పట్టి ముక్కవాసన కొడుతుంది.

నెక్ వెనక నిగనిగలాడే పాలిష్ ఉంది, ఫొటోల్లో బావుంటుంది, మే నెలలో బొటనవేలు అతుక్కుపోతుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్, కొత్తది, పొడిగా ఉన్నది, తీసుకుని నెక్ పొడవునా మెల్లగా రుద్దితే మెరుపు పోయి చెయ్యి హాయిగా జారుతుంది. మళ్ళీ అమ్ముదామనుకునేవాళ్ళు ఆలోచించుకోండి.

ట్రెమొలో వచ్చినప్పుడు గాల్లో తేలుతూ ఉండేది. అలా ఉంటే ఒక తీగ తెగగానే మిగతా ఐదూ శ్రుతి పైకి పోతాయి, పెళ్ళిలో పాట మధ్యలో అది జరిగితే సింగర్ చూసే చూపు తట్టుకోలేం. వెనక ఐదు స్ప్రింగ్‌లూ వేసి, స్క్రూలు బిగించి బ్రిడ్జ్‌ని బాడీకి ఆనించేశాను. బార్ కిందికి మాత్రమే పనిచేస్తుంది, నాకది చాలు. నట్ గాడుల్లో పెన్సిల్ ముల్లు రుద్దాక ట్యూనింగ్ నిలబడటం కూడా మెరుగైంది. సంక్రాంతి స్టేజీల మీద మాత్రం ఏ సెటప్పూ పూర్తిగా కాపాడదు, మంచులో పెట్టిన గిటార్‌ని హాలోజెన్ లైట్ల కిందకి తెస్తే తీగలు వేడెక్కి శ్రుతి దిగిపోతుంది, మొదటి పాటయ్యాక మళ్ళీ ట్యూన్ చేసుకోవాల్సిందే.

సౌండ్ గురించి రెండు ముక్కలు. జనరేటర్ మీద సింగిల్ కాయిల్స్ గుయ్యిమంటాయి, పికప్ ఎంచుకునే స్విచ్ నాలుగో స్థానంలో (రెండు సింగిల్ కాయిల్సూ కలిసి) పెడితే తగ్గుతుంది. పికప్‌లు తీగలకి మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం లావు తీగని లాగి స్వరం వణుకుతుంది, కొంచెం దించండి. అంతే.

ఇప్పుడు దీని పరిస్థితి ఏంటంటే, మొదటి అయిదు ఫ్రెట్ల మీద రెండో, మూడో తీగల కింద గుంటలు పడ్డాయి. ఒకసారి ఫ్రెట్లు అరగదీయించి లెవెల్ చేయించేశాను, ఇంకోసారి చేసేంత మెటల్ మిగల్లేదు, రీఫ్రెట్ చెయ్యాలి, అంటే పాత ఫ్రెట్లు పీకి కొత్తవి వెయ్యాలి. ఆరేడు వేలు అడుగుతున్నారు. ఇరవై వేల గిటార్‌కి అంత దండగ, ఇంకొంచెం వేసి కొత్తది కొనుక్కో అని ఆర్కెస్ట్రాలో అందరూ అంటున్నారు. ఈ నెక్ నా చేతికి పడింది, కొత్తది కొంటే మళ్ళీ నట్ దగ్గర్నుంచి మొదలెట్టాలి, అందుకని ఈ మాఘమాసం పెళ్ళిళ్ళు అయ్యాక రీఫ్రెట్టే చేయిస్తున్నాను. స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు వేయించమన్నాను, ఉప్పుగాలికి అవే నిలబడతాయి.