బడి గేటు దగ్గర ఆపితే: కాలిఫోర్నియా చట్టం మేలా, టెక్సాస్ చట్టం మేలా?

మేం కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు ఒకరోజు పాప లంచ్ బాక్స్ మర్చిపోయింది. ఊరి నుంచి వచ్చిన మా నాన్నగారు డబ్బా పట్టుకుని నేరుగా క్లాసు వైపు నడిచారు. దారిలోనే ఒక టీచర్ ఆపి ఆఫీసుకు తీసుకెళ్లారు. "మనవరాలికి అన్నం ఇవ్వడానికి ఇన్ని ప్రశ్నలా!" అని ఆయన సాయంత్రం దాకా బాధపడుతూనే ఉన్నారు. కానీ టీచర్ చేసింది సరైన పనే.

కాలిఫోర్నియా పీనల్ కోడ్ (నేరాల చట్టం) 627 సెక్షన్ల ప్రకారం విద్యార్థి తల్లిదండ్రులు, గార్డియన్లు బయటివాళ్ల లెక్కలోకి రారు. తాతయ్యలు, అమ్మమ్మలు మాత్రం ఆ లెక్కలోకి వస్తారు. బయటివాళ్లు బడి వేళల్లో ముందుగా ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. బడి వేళలంటే తరగతులకు గంట ముందు నుంచి, అయ్యాక మరో గంట వరకు. ప్రిన్సిపాల్ నమోదుకు ఒప్పుకోకపోతే 5 రోజుల్లోగా రాతపూర్వకంగా విచారణ అడగవచ్చు. అడిగిన 7 రోజుల్లో అది జరగాలి.

టెక్సాస్‌లో లోపలికి వచ్చేవాళ్లను ప్రభుత్వం ఇచ్చిన ఫోటో ఐడీ చూపించమని స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) అడగవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకు పాస్‌పోర్ట్ చాలు. ఇంతవరకు రెండు చోట్లా పెద్ద ఇబ్బందేం లేదు.

అసలు తేడా తల్లినో తండ్రినో బడిలోకి రావద్దన్నప్పుడు తెలుస్తుంది. కోపంలో నాలుగు మాటలు గట్టిగా అనేసిన తండ్రి సంగతి చూడండి. టెక్సాస్ ఎడ్యుకేషన్ కోడ్ 37.105 ప్రకారం, ఆయన వల్ల ఎవరికైనా హాని జరిగే ప్రమాదం గట్టిగా కనిపిస్తే తప్ప, ముందు నోటిమాటగా హెచ్చరించాలి. ఆ తర్వాత కూడా ఆయన అలాగే ప్రవర్తిస్తేనే బయటికి పంపాలి. ఆ హెచ్చరిక ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో డిస్ట్రిక్ట్ రికార్డులో ఉంచాలి. అప్పీల్ ఎలా చేసుకోవాలో కాగితం మీద ఇవ్వాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులైతే, నిషేధం ఉన్నా ఆ బిడ్డ చదువు గురించి పెట్టే కమిటీ మీటింగ్‌లో పాల్గొనేలా ఏర్పాటు చేయాలి. ఈ ఒక్క నియమం కోసమైనా టెక్సాస్ చట్టాన్ని మెచ్చుకోవాలి.

అయితే అక్కడ నిషేధం 2 ఏళ్ల వరకు ఉండవచ్చు. ఆ అప్పీల్ స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డు ముందుకు రావడానికి 90 రోజుల వరకు పట్టవచ్చు. కాలిఫోర్నియాలో పీనల్ కోడ్ 626.4 కింద, కావాలని బడి పనికి అడ్డుపడిన వ్యక్తిని దూరంగా ఉంచినా ఆ ఉత్తర్వు 14 రోజులు మించకూడదు. విచారణ అడిగితే 7 రోజుల్లో జరపాలి.

పిల్లలకు రెండేళ్లంటే మిడిల్ స్కూల్ దాదాపు అయిపోయినట్టే. సైన్స్ ఫెయిర్‌లో తన బల్ల దగ్గర నిలబడి, తలుపు వైపు పదేపదే చూసే పిల్లవాడిని తలుచుకుంటే నా మనసు కాలిఫోర్నియా వైపే మొగ్గుతుంది. ముందస్తు హెచ్చరిక, దాని రికార్డు మాత్రం టెక్సాస్ నుంచి అక్కడికీ రావాలి.

మిమ్మల్ని ఎక్కడ ఆపినా కౌంటర్ దగ్గర వాదనకు దిగకండి. ఏ సెక్షన్ కింద ఆపారో, ఎప్పటిదాకానో కాగితం మీద అడిగి తీసుకోండి. కాలిఫోర్నియాలో నమోదుకు ఒప్పుకోకపోతే మీ చేతిలో ఉండేది ఆ 5 రోజులే. ఆ రాత్రే ఉత్తరం రాసేయండి.