పువాయోహికి ఏది మేలు: పంజరంలో పెంపకమా, ఎలుకల వేటా?

హవాయి దీవుల్లోని కవాయిలో ఒకప్పుడు రెండు రకాల థ్రష్ పిట్టలు ఉండేవి. అందులో పెద్దది, కామావో, 1980ల తర్వాత ఎవరికీ కనబడలేదు. అది అంతరించిందని 2023లో అమెరికా ప్రభుత్వం అధికారికంగా తేల్చింది. ఇక మిగిలింది చిన్నదైన పువాయోహి ఒక్కటే. ఎప్పుడూ వానలో తడిసే అలకాయి పీఠభూమి మీద సుమారు అయిదు వందలు ఉంటాయని అంచనా. దీన్ని నిలబెట్టడానికి డబ్బు, మనుషులు ఎటు పెట్టాలన్నదే ప్రశ్న.

మొదట నమ్ముకున్నది పెంపకాన్ని. గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లలను పెంచి, 1999 నుంచి 2012 వరకు రెండు వందలకు పైగా పిట్టలను అడవిలో వదిలారు. వాటిలో కొన్ని గూళ్లు కట్టి పిల్లలను కూడా లేపాయి. ఆ శ్రమ వృథా అని నేను అనను. కానీ వదిలింది ఎక్కడ? నల్ల ఎలుకలు తిరిగే ఆ అడవిలోనే.

పువాయోహి వాగు పక్కన నిట్టనిలువు చరియ మీద, నాచు, ఫెర్న్ మొక్కల మధ్య గూడు కడుతుంది. పొదిగేది ఆడపిట్ట ఒక్కటే. రాత్రి ఎలుక వస్తే గుడ్లతో పాటు తల్లీ పోతుంది. ఒక గూడు పోతే మళ్లీ కట్టుకోవచ్చు, తల్లి పోతే ఆ జంటే లేదు. అందుకే నా ఓటు ఎలుకల వేటకే.

దీనికీ కష్టం ఉంది. అలకాయికి సామాన్లు చేర్చాలంటే తరచూ హెలికాప్టరే దిక్కు. మామూలు బోనైతే ఎలుక పడిన ప్రతిసారీ మనిషి వెళ్లి మళ్లీ బిగించాలి. న్యూజిలాండ్ బోనులు వచ్చాక ఆ బాధ తగ్గింది. అవి ఎలుకను కొట్టి తమంతట తామే మళ్లీ సిద్ధమవుతాయి, ఒక్క గ్యాస్ గొట్టంతో ఇరవై నాలుగు దెబ్బల వరకు. ఎలుక చొరబడలేని గూడు పెట్టెలూ పనికొస్తాయి గానీ, ఒక పెట్టె కాపాడేది ఒక గూటినే.

అదే దీవిలోని అకికికి అనే మరో పిట్ట విషయంలో మాత్రం ఇలా చెప్పలేను. దాన్ని చంపుతున్నది దోమలు మోసే మలేరియా. అడవిలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి దానికి పంజరమే ఆఖరి ఆశ్రయం. పువాయోహి ఆ జబ్బును కొంత తట్టుకుంటుంది, ఇంకా తన అడవిలోనే ఉంది. దాన్ని అక్కడే కాపాడాలి, బోనులు ఇంకా చాలా వాగులకు చేరాలి.