అక్టోబరులో ‘పూల లోయ’ ప్యాకేజీ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

విజయవాడలో దసరా సెలవుల ప్యాకేజీలు మళ్లీ మొదలయ్యాయి. నిన్న ఏలూరు రోడ్డులో ఒక ట్రావెల్స్ ఆఫీసు అద్దం మీద అదే ఫోటో చూశాను. లోయ నిండా గులాబీ, ఊదా రంగు పూలు, వెనక మంచుకొండ, కింద ‘అక్టోబరు స్పెషల్’. కిందటేడు నేను మోసపోయింది అలాంటి ఫోటో చూసే. నాకు అమ్మింది వేరే ఆఫీసు, ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. కానీ అబద్ధం మాత్రం ఒకటే. ఉత్తరాఖండ్‌లోని ఆ పూల లోయకు (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) దసరా తర్వాత వెళ్తే ఫోటోలో ఉన్న పూలు ఉండవు.

మా అమ్మకు బ్రహ్మకమలం అంటే ప్రాణం. సత్యనారాయణపురంలో మా మేడ మీద కుండీలో ఒకటి ఉంది. పూసిన రాత్రి చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి హారతి ఇస్తుంది. మనం ఇళ్లలో పెంచుకునేది కాక్టస్ జాతి మొక్క అని, అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో రాళ్ల మధ్య పూస్తుందని ఎవరో చెప్పినప్పటి నుంచి ఒక్కసారి చూపించమని అడుగుతోంది. అందుకే ట్రావెల్స్ ఆఫీసుకు అమ్మను కూడా తీసుకెళ్లాను. ‘అక్టోబరులో విరగబూస్తాయమ్మా, హేమకుండ్ గురుద్వారా దారి పొడవునా అవే’ అన్నాడాయన ఆమె ముఖం చూస్తూ. నా కోపమంతా ఆ మాట మీదే.

మనిషికి 38,500 రూపాయలు. అమ్మ, అక్క, బావగారు, నేను, మొత్తం నలుగురికి 1,54,000 ముందే కట్టేశాం. ఇచ్చిన కాగితంలో లోయ, హేమకుండ్ దర్శనం, డీలక్స్ హోటల్ అని ఉంది. ఎన్ని కిలోమీటర్లు నడవాలో, ఎంత ఎత్తు ఎక్కాలో ఒక్క ముక్క లేదు. అడిగితే ‘చిన్న నడకేనండీ’ అన్నారు.

ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి రిషికేశ్, మర్నాడు గోవింద్‌ఘాట్‌కు దాదాపు 270 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. పొద్దున బయల్దేరితే రాత్రయింది. అక్కడ జీపు డ్రైవరు చెబితే గానీ తెలియలేదు, హేమకుండ్ అప్పటికే మూసేశారని. ఏటా అక్టోబరు రెండో వారం ప్రాంతంలో మూసేస్తారట. మేం చేరింది మూడో వారంలో.

ఆ ‘చిన్న నడక’ సంగతి కూడా చెప్పాలి. జీపు పుల్నా దాకానే వెళ్తుంది. అక్కడి నుంచి లోయకు ముందు బస చేసే ఊరు ఘంగారియాకు తొమ్మిది, పది కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. కృష్ణ ఒడ్డున ఉండేవాళ్లం, ఒక్కసారిగా 3,000 మీటర్ల ఎత్తుకు చేరాం. 63 ఏళ్ల అమ్మను కంచరగాడిద మీద ఎక్కించాం, దాని డబ్బు మా జేబులోదే. బావగారికి తలనొప్పి, వాంతులు. తీరా పైకి చేరేసరికి మాకు రాసిచ్చిన హోటల్‌కు తాళం. హేమకుండ్ మూసేశాక అక్కడి వ్యాపారులు చాలామంది కిందికి దిగిపోతారు. చీకటి పడుతుండగా తలుపు తలుపూ తట్టి ఒక లాడ్జిలో గది పట్టుకున్నాం. ఆ చలిలో అక్క ఏడ్చేసింది. ఆఫీసుకు ఫోన్ చేస్తే మొదటిసారి ‘అక్కడ మా మనిషి ఉంటాడు’ అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

మర్నాడు లోయలోకి వెళ్లాం. లోపలికి కంచరగాడిదలను రానివ్వరు, రాత్రి ఉండనివ్వరు, నడిచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాల్సిందే. అమ్మ పుష్పావతి నది మీది వంతెన దాకా వచ్చి కూర్చుండిపోయింది. మేం ముందుకెళ్లి చూస్తే ఎండిన గడ్డి, గింజలు రాలిన కాడలు. రెండు నెలలు ఆలస్యంగా వచ్చారని గేటు దగ్గరి ఉద్యోగి జాలిగా అన్నాడు. లోయ అందంగా లేదని నేను అనను. భూర్జ చెట్ల ఆకులు బంగారు రంగుకు తిరిగాయి, ఆకాశం కడిగినట్టుంది, మంచుకొండలు దగ్గరగా కనిపించాయి. ఆ అందం కోసమే వెళ్లేవాళ్లకు అక్టోబరు మంచి నెలే. మాకు అమ్మింది మాత్రం అది కాదు.

లోయ జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా తెరిచి ఉంటుంది. వీళ్లు దాక్కునేది ఈ మాట వెనకే. తెరిచి ఉండటం వేరు, పూసి ఉండటం వేరు. పూలు నిండుగా ఉండేది జూలై, ఆగస్టుల్లో. బ్రహ్మకమలం కూడా సెప్టెంబరు దాటితే కష్టం. జూలై, ఆగస్టు వర్షాల్లో గోవింద్‌ఘాట్ వెళ్లే బద్రీనాథ్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి దారి ఆగిపోతుంటుంది. అందుకే చేతిలో ఒకటి రెండు రోజులు అదనంగా పెట్టుకోండి, తిరుగు రైలు దగ్గరి తేదీకి తీసుకోకండి.

డబ్బు కట్టేముందు ఆ ఫోటో ఏ నెలలో తీసిందో అడగండి. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు నడవాలో, ఎంత ఎత్తులో పడుకోవాలో కాగితం మీద రాయించుకోండి. హోటల్ పేరు తీసుకుని మీరే ఫోన్ చేసి, ఆ తేదీకి తెరిచి ఉంటుందా అని కనుక్కోండి. ఈ ఒక్క ఫోన్ చేసి ఉంటే మేం ఇల్లు కదిలేవాళ్లమే కాదు. ఎంత బతిమాలినా మొత్తం ముందే ఇవ్వకండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లుంటే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, రెండేళ్ల లోపు. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. నేను బ్రోచరు, రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, తాళం వేసిన హోటల్ ఫోటో అన్నీ జతచేశాను. 20,000 ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోమని పోయిన వారం కబురు పంపారు. అమ్మను అడిగాను. వద్దంది.