మందు ఫిల్మ్‌లకు 50 న్యూటన్ల టెన్సైల్ టెస్టర్: మూడేళ్ల వాడకం తర్వాత

నోట్లో కరిగే ఫిల్మ్‌లు, చెంప లోపల అంటించే బక్కల్ ఫిల్మ్‌ల బలం చూడటానికి హన్మకొండలోని ఫార్మసీ ల్యాబ్‌లో మూడేళ్లుగా వాడుతున్న ఒంటి స్తంభం టేబుల్‌టాప్ మెషిన్ ఇది. పట్టీని రెండు కొసలా పట్టి తెగేదాకా లాగి, ఎంత బలం పట్టిందో కొలుస్తుంది. ఈ పనికి బాగా సరిపోతుంది. పెద్ద లోడ్ సెల్ (లాగే బలాన్ని కొలిచే భాగం) ఉంటే అన్నింటికీ పనికొస్తుందని 500 న్యూటన్లది మాత్రం కొనకండి.

10 మి.మీ. వెడల్పు, 0.08 మి.మీ. మందం ఉన్న హెచ్‌పీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే, ఫిల్మ్ కట్టే పదార్థం) పట్టీ 12 న్యూటన్ల దగ్గర తెగిందనుకోండి. అడ్డుకోత 0.8 చదరపు మి.మీ., బలం 15 మెగాపాస్కల్స్. సెల్ దోషం పూర్తి సామర్థ్యంలో 0.5 శాతమైతే 50 న్యూటన్ల సెల్‌లో అది పావు న్యూటన్. 500 దాంట్లో రెండున్నర న్యూటన్లు, అంటే వచ్చిన విలువలో ఐదో వంతు. ఫిల్మ్‌ను మెత్తబరిచే గ్లిజరిన్ కాస్త పెంచితే వచ్చే తేడా అందులోనే కొట్టుకుపోతుంది.

మందం కూడా అంతే. 0.08ని 0.07గా కొలిస్తే 15 కాస్తా 17 దాటుతుంది. డిజిటల్ మైక్రోమీటర్‌తో, రాచెట్ (ఒత్తిడి ప్రతిసారీ ఒకేలా పడేలా చూసే పిడి) తిప్పుతూ, పట్టీ పొడవునా ఐదు చోట్ల కొలవాలి. ఫిల్మ్ పోసి ఆరబెట్టే పెట్రీ డిష్ సమతలంగా లేకపోతే ఒక అంచు మందంగా ఆరుతుంది. అక్కడి ముక్క వాడొద్దు. కోతకు ప్రతిసారీ కొత్త సర్జికల్ బ్లేడ్, ఒకే గీత. అంచున చిన్న గాటు పడ్డా తెగడం అక్కడే మొదలవుతుంది.

మెషిన్‌తో వచ్చిన పళ్ల గ్రిప్పులు ఫిల్మ్‌కు పనికిరావు. పళ్లు నొక్కిన చోటే తెగుతుంది. రబ్బరు ముఖం ఉన్నవి విడిగా కొనాల్సి వచ్చింది. బిగువు తక్కువైతే పట్టీ జారి గ్రాఫ్ రంపపు పళ్లలా వస్తుంది. గ్రిప్పు అంచున తెగినవి లెక్కలోకి తీసుకోవద్దు. ఐదు మంచివి కావాలంటే ఎనిమిది కోసి పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది గాలిలో తేమ. ఈ ఫిల్మ్‌లకు నీరే ప్లాస్టిసైజర్, అంటే మెత్తబరిచేది. వరంగల్ మే ఎండల్లో పెళుసుగా విరిగే ఫార్ములానే జూలై ముసురులో సాగుతుంది. మారింది ఫార్ములా కాదు. పల్చని ప్లాస్టిక్ ఫిల్మ్‌లను లాగి చూసే పరీక్షకు ప్రమాణమైన ఏఎస్‌టీఎం డీ 882 చెప్పేది 23 డిగ్రీలు, 50 శాతం తేమ. డెసికేటర్ (గాలి చొరబడని మూత ఉన్న గాజు పాత్ర) అడుగున మెగ్నీషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం పోస్తే 25 డిగ్రీల దగ్గర 53 శాతం నిలుస్తుంది. అడుగున కరగని ఉప్పు ఎప్పుడూ కనిపిస్తుండాలి. 48 గంటలు ఉంచి, ఒక్కో పట్టీ తీసి వెంటనే లాగాలి. అన్నీ ఒకేసారి బయట పెడితే చివరిదానికి వచ్చేసరికి ఉంచిందంతా వృథా.

సాఫ్ట్‌వేర్ మీద అసంతృప్తి ఉంది. యంగ్స్ మాడ్యులస్‌కు (ఫిల్మ్ ఎంత బిరుసో చెప్పే విలువ) వాలును గ్రాఫ్ మొదటి నుంచే తీసుకుంటుంది. అక్కడ పట్టీ వదులు ఇంకా తీరదు, కాబట్టి విలువ తక్కువ వస్తుంది. గీత తిన్నగా ఉన్న భాగాన్ని చేత్తో ఎంచుకోవాలి. సాగుడును కూడా గ్రిప్పు కదలిక నుంచే లెక్కిస్తుంది కనుక, ఒకే రోజు ఒకే అమరికలో లాగిన బ్యాచ్‌లను పోల్చడానికే ఆ మాడ్యులస్‌ను నమ్ముతాం.

పై గ్రిప్పు బిగించేటప్పుడు రెండో చేత్తో దాని ఒళ్లు పట్టుకోండి, లేదంటే మెలి అంతా లోడ్ సెల్‌కు పోతుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు కిలో తూకపు రాయి వేలాడదీస్తే 9.8 న్యూటన్లు చూపాలి.