సోటో జీతం ఎంత? బేస్‌బాల్ ఆఫ్‌సీజన్ లెక్కల సైట్లపై రివ్యూ

2025లో బేస్‌బాల్ స్టార్ హువాన్ సోటోకు న్యూయార్క్ మెట్స్ జట్టు ఇచ్చిన జీతం ఎంత? 46.875 మిలియన్ డాలర్లన్నవాళ్లు తప్పు చెప్పలేదు. 51 అన్నవాళ్లూ తప్పు కాదు. 61.875 అన్నవాళ్ల దగ్గరా, 121.875 అన్నవాళ్ల దగ్గరా ఆధారాలున్నాయి.

మొదటిది ఆ ఏడాది మూల వేతనం. రెండోది 15 ఏళ్ల 765 మిలియన్ల ఒప్పందాన్ని 15తో భాగిస్తే వచ్చే సగటు, లగ్జరీ ట్యాక్స్‌కు (జీతాల మొత్తం పరిమితి దాటిన జట్టు కట్టే పన్ను) లెక్కలోకి తీసుకునేది దీన్నే. 2029 తర్వాత సోటో ఒప్పందం వదులుకుని బయటికి పోవచ్చు కాబట్టి 75 మిలియన్ల సంతకం బోనస్‌ను అయిదేళ్లకే పంచి, ఒక ఏడాది వాటా 15 కలిపితే మూడోది వస్తుంది. బోనస్ మొత్తాన్నీ మొదటి ఏడాదిలోనే వేస్తే నాలుగోది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అభిమానుల మధ్య జరిగే గొడవల్లో సగం ఇలాంటివే. ఒకరి చేతిలో ఒక పద్దు, ఇంకొకరి చేతిలో ఇంకో పద్దు, వాదన మాత్రం ఒకే మాట మీద.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డ మన కళ్లకు ఇది కొంచెం తికమకే. అక్కడ 2025 సీజన్‌కు జట్టుకు 120 కోట్ల పర్సు, సుత్తి దెబ్బ పడితే ధర ఖరారు, పర్సు దాటితే ఆట బంద్. బేస్‌బాల్‌లో దాటకూడని గీతే లేదు. దాటితే పన్ను కట్టాలి, అంతే. ఆ పన్ను ఎంతన్నది తెలియాలంటే సరైన సైటు తెరవాలి. (సైట్లన్నీ మిలియన్లలోనే రాస్తాయి కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాం. 765 మిలియన్లంటే 76.5 కోట్ల డాలర్లు.)

కాట్స్ బేస్‌బాల్ కాంట్రాక్ట్స్

జెఫ్ యూస్టన్ 2005లో మొదలుపెట్టిన పద్దు ఇది. ఇప్పుడు బేస్‌బాల్ ప్రాస్పెక్టస్ గూటిలో ఉంది. చూపుకి ఏమాత్రం బాగుండదు. జట్టు పేరు నొక్కితే ఆటగాళ్ల పేర్లు, కింద పొట్టిపొట్టి వాక్యాల్లో ఒప్పందం వివరాలు, పాత కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా ఉంటుంది. కానీ మెలికలన్నీ దొరికేది ఇక్కడే. ఏ ఏడాదికి ఎంత, బోనస్ ఎంత, ఒప్పందం పొడిగించే ఆప్షన్ జట్టు చేతిలోనా ఆటగాడి చేతిలోనా, ఆప్షన్ వద్దంటే ఇవ్వాల్సిన పరిహారం ఎంత, ట్రేడ్‌ను (ఇంకో జట్టుకు మార్చడాన్ని) అడ్డుకునే హక్కుందా, ఏజెంట్ ఎవరు, అన్నీ ఉంటాయి.

మెలిక తెలియకపోతే ఏమవుతుందో సోటో ఒప్పందంలోనే చూడొచ్చు. 2029 తర్వాత అతను వెళ్లిపోవచ్చన్నది అందరూ చెప్పే మాట. వద్దనుకుంటే మెట్స్ దాన్ని ఆపగలదు. 2030 నుంచి 2039 దాకా ఏడాదికి 46 మిలియన్లు ఉన్నదాన్ని 50కి పెంచితే చాలు, ఆ హక్కు రద్దవుతుంది, మొత్తం ఒప్పందం 805 మిలియన్లకు చేరుతుంది. "అయిదేళ్లకే పోతాడు" అని పందెం కాసేవాళ్లు ఈ షరతు చదవాలి. డాడ్జర్స్ జట్టు స్టార్ షోహెయ్ ఒటానీ ఒప్పందంలోనూ అలాంటి మెలికే ఉంది. డాడ్జర్స్ యజమాని మార్క్ వాల్టర్ గానీ, బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి ఆండ్రూ ఫ్రీడ్‌మన్ గానీ తప్పుకుంటే ఒటానీ కూడా బయటికి రావచ్చు.

ఇక్కడ సర్వీస్ టైమ్ (పెద్ద లీగ్‌లో గడిపిన కాలం) అంకెలు చదవడంలో కొత్తవాళ్లు తరచూ పప్పులో కాలేస్తారు. 3.115 అంటే మూడు పాయింట్ ఒకటి ఏళ్లు కాదు, మూడేళ్ల 115 రోజులు. సీజన్ దాదాపు 187 రోజులు నడిచినా 172 రోజులకే ఒక ఏడాది పూర్తయినట్టు లెక్క. అందుకే చుక్క తర్వాత 171కి మించిన అంకె కనిపించదు. మూడేళ్లు నిండితే ఆర్బిట్రేషన్ (జీతం మీద జట్టుతో తేలకపోతే ప్యానెల్ దగ్గరికి వెళ్లే హక్కు), ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోవచ్చు). రెండేళ్లకూ మూడేళ్లకూ మధ్య ఉన్నవాళ్లలో సర్వీస్ ఎక్కువున్న 22 శాతం మందికి ఏడాది ముందే ఆర్బిట్రేషన్ దక్కుతుంది. వీళ్లనే సూపర్ టూ అంటారు. గడిచిన సీజన్‌లో 86 రోజుల సర్వీస్ అన్నది కనీస అర్హత మాత్రమే, అసలు గీత కొన్నేళ్లుగా 2.115 నుంచి 2.140 ప్రాంతంలో పడుతోంది. ఈ తేడా చూడకుండా ట్రేడ్ ప్రతిపాదిస్తే ఆటగాడి ఖరీదులో కొన్ని మిలియన్లు గల్లంతవుతాయి.

రేటింగ్ 4.5/5. ఆ అర పాయింటు ఫోన్‌లో చదవడం కష్టమైనందుకు.

రోస్టర్ రిసోర్స్

జేసన్ మార్టినెజ్ తయారుచేసింది, 2019 నుంచి ఫ్యాన్‌గ్రాఫ్స్‌లో భాగం. ఒక జట్టు ఇంకో స్టార్‌ను కొనగలదా అన్న ప్రశ్నకు దీన్ని మించింది లేదు. ఆటగాళ్లు అడ్డ వరుసల్లో, ఏళ్లు నిలువు గళ్లలో ఉంటాయి. ఎవరు ఏ ఏడాది ఆర్బిట్రేషన్‌కు వస్తారు, ఎవరికి కింది స్థాయి మైనర్ లీగ్‌కు పంపే ఆప్షన్లు ఎన్ని మిగిలాయి, అన్నీ ఒక్కచోటే.

ఇందులో చూడాల్సింది కింది భాగం. అక్కడ మామూలు పేరోల్ (జీతాల మొత్తం) ఒకటి, లగ్జరీ ట్యాక్స్ పేరోల్ ఇంకొకటి వేరువేరుగా ఉంటాయి. పైన కనిపించే జీతాలన్నీ కూడి, 2025 పరిమితి 241 మిలియన్లతో పోల్చి "ఇంకా 15 మిలియన్ల జాగా ఉంది" అనేవాళ్లు మూడు పద్దులు వదిలేస్తున్నారు. ఆటగాళ్ల వైద్యం, పింఛను వగైరా ప్రయోజనాల కింద ప్రతి జట్టుకూ పడే వాటా 17-18 మిలియన్లు. ఆర్బిట్రేషన్‌కు రాని కుర్రాళ్ల కోసం పెట్టిన 50 మిలియన్ల బోనస్ నిధిలో ముప్పయ్యో వంతు, అంటే 1.67 మిలియన్లు. జట్టు 40 మంది ప్రధాన జాబితాలో ఉండి మైనర్ లీగ్‌లో ఆడేవాళ్ల జీతాలు మరో రెండు, రెండున్నర. మొత్తం 20 దాటింది, మీ 15 మిలియన్ల జాగా ఎప్పుడో నిండిపోయింది.

పన్ను కట్టేతీరు కూడా తెలుసుకుంటే మంచిది. మొదటిసారి దాటిన జట్టుకు 20 శాతం, వరుసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. పరిమితి మీద 20 మిలియన్లు దాటాక అదనంగా 12 శాతం సర్‌చార్జి. 40 దాటితే అది ఇంకా పెరుగుతుంది, పైగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ స్థానం పది మెట్లు వెనక్కి పోతుంది. 60 దాటితే సర్‌చార్జి ఏకంగా 60 శాతం.

ఒక లెక్క వేద్దాం. 2025లో ఒక జట్టు ట్యాక్స్ పేరోల్ 270 అనుకుందాం. పరిమితి మీద 29 దాటింది. మొదటిసారైతే మొదటి 20కి 4 మిలియన్లు, మిగిలిన 9కి 32 శాతం చొప్పున 2.88, మొత్తం 6.88. అదే జట్టు వరుసగా మూడో ఏడాది దాటి ఉంటే 10, దాని మీద 5.58, మొత్తం 15.58. జీతాలు అవే, బిల్లు రెట్టింపు దాటింది. మూడోసారి దాటుతూ 60 మిలియన్ల పైమెట్టు మీద ఉన్న జట్టుకు ప్రతి కొత్త డాలరు మీదా పన్ను డాలరు పది సెంట్లు. ఏడాదికి 30 మిలియన్ల ఆటగాణ్ణి తెస్తే ఖర్చు 63 మిలియన్లు. డాడ్జర్స్ 2024 సీజన్‌కు 103 మిలియన్ల పన్ను కట్టింది ఈ మెట్లెక్కే.

ఇక ఒటానీ. పదేళ్లకు 700 మిలియన్లు, ఏడాదికి 2 మాత్రమే చేతికి, మిగతా 68 వడ్డీ లేకుండా 2034 నుంచి 2043 దాకా. "డాడ్జర్స్ రెండు మిలియన్లే లెక్కలో చూపి మోసం చేస్తోంది" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. రోస్టర్ రిసోర్స్ ట్యాక్స్ గడిలో ఉండేది 46 మిలియన్ల పైచిలుకు. కాలిక్యులేటర్‌తో సరిచూసుకోవచ్చు. రేపటి డబ్బును నేటి విలువకు మార్చడానికి లీగ్ వాడిన తగ్గింపు రేటు 4.43 శాతం. 1.0443ను పదిసార్లు హెచ్చిస్తే సుమారు 1.54. 68ని దానితో భాగిస్తే 44, దానికి ఇప్పుడిచ్చే 2 కలిపితే 46. పద్ధతి నచ్చకపోతే విమర్శించండి, కానీ రెండు మిలియన్లన్నది కాకిలెక్క.

ఒక్క జాగ్రత్త. జనవరి దాకా ఆర్బిట్రేషన్ ఆటగాళ్ల గడుల్లో ఉండేవి అంచనాలే. ఆ సంఖ్య ఎక్కువున్న జట్టు మొత్తం అయిదారు మిలియన్లు అటూ ఇటూ అవడం మామూలే.

రేటింగ్ 5/5. ఒక్కటే బుక్‌మార్క్ పెట్టుకోవాలంటే ఇదే.

స్పాట్రాక్

నగదు లెక్క, పన్ను లెక్క వేరువేరు పట్టికల్లో చక్కగా ఇస్తుంది. ఎన్‌బీఏ, ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా చూసేవాళ్లకు అన్నీ ఒకేచోట దొరకడం సుఖం. బేస్‌బాల్ ఒక్కటే కావాలంటే పై రెండూ ఉండగా దీని అవసరం తక్కువ. 3.5/5.

ఎంఎల్‌బీ ట్రేడ్ రూమర్స్

టిమ్ డీర్క్స్ 2005లో మొదలుపెట్టిన వార్తల సైట్. పేరులో పుకార్లున్నా పుకార్లు పుట్టించదు. విలేకరులు రాసినవి ఏరి, ఆటగాడి పాత గణాంకాలు, ఒప్పందం వివరం జోడించి ఇస్తుంది. ప్రతి నవంబర్‌లో వచ్చే టాప్ 50 ఫ్రీ ఏజెంట్ల జాబితా, మ్యాట్ స్వార్ట్జ్ నమూనాతో చేసే ఆర్బిట్రేషన్ జీతాల అంచనాలు దీని అసలు సరుకు. నవంబర్ మూడో వారంలో ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని వదిలేయాలో జట్లు తేల్చుకునే నాన్‌టెండర్ గడువుకు ముందు ఈ అంచనాలు దగ్గర పెట్టుకుంటే ఎవరి మీద వేటు పడుతుందో చాలావరకు ముందే తెలుస్తుంది. ఆర్బిట్రేషన్ విచారణ దాకా వెళ్తే మధ్యేమార్గం ఉండదు. ఆటగాడు అడిగిన అంకో, జట్టు ఇస్తానన్న అంకో, ప్యానెల్ ఏదో ఒకటే ఎంచాలి. కాబట్టి అంచనా అంకెను తీర్పుగా చదవకూడదు.

వార్తల భాషకూ ఒక నిఘంటువు ఉంది. ఒక జట్టు "ఆసక్తి చూపింది" అంటే ఏజెంట్‌కు ఫోన్ చేసిందని, అంతవరకే. "వైద్య పరీక్ష మిగిలి ఉంది" అంటే పెళ్లి చూపులు అయ్యాయి, ముహూర్తం ఇంకా కుదరలేదని. 2022 డిసెంబర్‌లో కార్లోస్ కొరేయాకు జయింట్స్ 13 ఏళ్లకు 350 మిలియన్లు ఒప్పుకుంది. వైద్య పరీక్ష దగ్గర ఆగింది. వెంటనే మెట్స్ 12 ఏళ్లకు 315 అంది. మళ్లీ కాలి చీలమండ దగ్గరే ఆగింది. చివరికి 2023 జనవరిలో ట్విన్స్‌తో ఆరేళ్లకు 200కి తేలింది. పరీక్ష ముగియకుండా మీ ఎక్సెల్ షీటులో ఏ పేరూ ఎక్కించకండి.

మన దేశం నుంచి అనుసరించేవాళ్లకు ఒక మాట: అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 5 గంటల గడువంటే, చలికాలంలో మనకు మర్నాడు తెల్లవారుజామున 3:30. నిద్ర మానుకోవద్దు, ఆరింటికి లేచి చూస్తే అన్నీ సర్ది ఉంటాయి. 4/5.

బేస్‌బాల్ ట్రేడ్ వాల్యూస్

రెండు జట్లను ఎంచుకుని, ఆటగాళ్లను అటూ ఇటూ వేస్తే బేరం కుదురుతుందో లేదో చెప్పే సిమ్యులేటర్. లోపలి సూత్రం తేలికే. ఆటగాడు ఇక ముందు ఆడబోయే ఆటకు మార్కెట్ ధర కట్టి, అతనికి ఇవ్వాల్సిన జీతం తీసేస్తే మిగిలేదే అతని విలువ. ఉదాహరణకు ఏడాదికి 3 వార్ (WAR, మామూలు బదులు ఆటగాడి కంటే అదనంగా తెచ్చే గెలుపులు) తెచ్చే ఆటగాడు, ఒక్కో వార్‌కు 8 మిలియన్లు అనుకుంటే 24. జీతం 10 అయితే మిగులు 14. రెండేళ్లు చేతిలో ఉంటే 28. జీతం ఎక్కువై ఆట తగ్గినవాడి విలువ సున్నా కిందికి పోతుంది. అతన్ని వదిలించుకోవాలంటే ఎదురు డబ్బో, కుర్రాళ్లో ఇవ్వాలి. 2020 ఫిబ్రవరిలో ముకీ బెట్స్‌తో పాటు డేవిడ్ ప్రైస్‌ను డాడ్జర్స్‌కు పంపినప్పుడు, ప్రైస్‌కు మిగిలిన 96 మిలియన్లలో సగం రెడ్‌సాక్స్ భరించింది. ఇలాంటి బేరాలు ఎందుకు అలా తేలతాయో అర్థం చేసుకోవడానికి ఈ సైట్ మంచి బడి.

జోస్యం చెప్పించుకోవడానికి మాత్రం పనికిరాదు. చిన్న విలువలున్న అయిదుగుర్ని కూడితే లెక్కల్లో ఒక స్టార్‌తో సమానమవుతారు. నిజంలో అయిదుగురికీ 40 మంది జాబితాలో జాగా కావాలి, అంతమందిని ఏ మేనేజరూ కోరుకోడు. ఆ అంకెలో ఆటగాడి ఇష్టానికి చోటు లేదు. 2024 డిసెంబర్‌లో కార్డినల్స్, ఆస్ట్రోస్ మాట్లాడుకున్న బేరాన్ని నోలన్ అరెనాడో తన హక్కు వాడి కాదన్నాడు. ఒప్పందంలో రాసుకోకపోయినా పదేళ్ల సర్వీస్ ఉండి చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఆడినవాళ్లకు ఆ హక్కు దానంతటదే వస్తుంది. ఈ శీతాకాలం సంతకం చేసిన ఫ్రీ ఏజెంట్‌ను అతని ఒప్పుదల లేకుండా జూన్ 15 దాకా ట్రేడ్ చేయకూడదు. మామూలు డ్రాఫ్ట్ స్థానాలు అమ్ముకోవడం కుదరదు, చిన్న జట్లకు అదనంగా ఇచ్చే కాంపిటిటివ్ బ్యాలెన్స్ స్థానాలే చేతులు మారతాయి. ఎన్‌బీఏ అలవాటుతో "రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్ ఇచ్చేద్దాం" అనేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

కాబట్టి వాడే పద్ధతి ఇది. సిమ్యులేటర్ "కుదరదు" అంటే నమ్మండి. "కుదురుతుంది" అంటే కాట్స్‌లో హక్కులు, రోస్టర్ రిసోర్స్‌లో ఖాళీ స్థానం, ఆప్షన్లు, పన్ను మెట్టు చూశాకే నోరు విప్పండి. 3/5.

అన్ని సైట్లలోనూ 2027 నుంచి ఉన్న గళ్లను కాస్త దూరం పెట్టి చూడాలి. 2026 సీజన్‌కు పరిమితి 244 మిలియన్లు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. ఇంతకుముందు ముగిసినప్పుడు 99 రోజులు తాళాలు పడ్డాయి, సంతకాలన్నీ ఆగిపోయాయి. 2026తో ముగిసే ఒప్పందంలో 2027కి పరిమితీ లేదు, పన్ను రేటూ లేదు. కాట్స్‌లో ఆ ఏడాది జీతాలు మాత్రం రాసి ఉన్నట్టే ఉంటాయి.