వర్డిల్: పాత కంపోజిటరు చేతికి కొత్త గడులు

విజయవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో పద్దెనిమిదేళ్లు అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరుగా పనిచేశాను. చదువు పదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు పేపరు చేతికిస్తే సగం అర్థమవుతుంది, మిగతా సగం ఊహించుకుంటాను. అటువంటి నేను రెండేళ్లుగా రోజూ కాఫీ చల్లారేలోపు ఐదక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి పట్టుకుంటున్నాను. ఆట పేరు వర్డిల్. న్యూయార్క్ టైమ్స్ సైట్లో ఉంటుంది, రోజువారీ ఆటకు డబ్బులు కట్టనక్కరలేదు.

ఆరు వరుసలు, వరుసకు ఐదు గడులు. ఏదో ఒక మాట రాయాలి. అది నిజంగా ఉన్న మాటే కావాలి, అక్షరాల కుప్ప పోస్తే తీసుకోదు. అక్షరం సరైన చోట పడితే ఆకుపచ్చ రంగు. మాటలో ఉండి చోటు తప్పితే పసుపు. అసలు లేకపోతే బూడిద రంగు. రోజుకు ఒక్కటే మాట.

ఫోనులో పెట్టి ఇస్తూ మా మేనల్లుడు "మామయ్యా, దీనికి ఇంగ్లీషు బాగా రావాలి" అన్నాడు. వాడు టైపు కేసు, అంటే అచ్చు అక్షరాలను గడులవారీగా పెట్టుకునే పెట్టె, ఎన్నడూ చూడలేదు. ఇంగ్లీషు కేసులో ‘ఇ’ గడి అన్నిటికంటే పెద్దది, చేతికి ఎదురుగా ఉంటుంది. ‘టి’, ‘ఎ’, ‘ఎన్’, ‘ఐ’, ‘ఓ’, ‘ఎస్’, ‘ఆర్’ గడులు కూడా విశాలమైనవే. ‘జడ్’, ‘ఎక్స్’, ‘జె’, ‘క్యు’లకు ఇరుకు గదులు. వాటిలో ‘క్యు’కు పెళ్లిళ్ల రోజుల్లో మాత్రం చేతినిండా పని, ఎందుకంటే ‘రిక్వెస్ట్’ లేకుండా ఇంగ్లీషు శుభలేఖ ఉండదు. మాటకు అర్థం తెలియకపోయినా ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో, ఏ అక్షరం పక్కన ఏది కూర్చుంటుందో నా వేళ్లకు తెలుసు. వర్డిల్‌కు కావలసింది ముప్పాతిక వంతు ఆ తెలివే.

నా మొదటి మాట ఎప్పుడూ ‘స్లేట్’. పలక. అచ్చులు రెండు, ఎక్కువగా వచ్చే హల్లులు మూడు, ఒక్క దెబ్బకు తేలిపోతాయి. ‘ఎస్’ను చివర కాకుండా మొదట పెట్టడానికీ కారణం ఉంది. ‘ఎస్’, ‘ఇఎస్’ తగిలించిన మామూలు బహువచనాలను జవాబులుగా పెట్టబోమని నిర్వాహకులు 2022లోనే చెప్పారు. అందుకని చివరి గడిలో దాన్ని వెతకడం దండగ.

ఇంత తెలిసీ ఒకసారి ఘోరంగా పడ్డాను. మూడో వరుసలో ‘ఫైట్’ రాస్తే చివరి నాలుగు అక్షరాలూ (‘ఐ’, ‘జి’, ‘హెచ్’, ‘టి’) పచ్చబడ్డాయి. ఇక చేతిలోకి వచ్చేసిందనుకున్నాను. ‘స్లేట్’ పుణ్యమా అని ‘లైట్’, ‘సైట్’, ‘ఎయిట్’ అప్పటికే పోయాయి. మిగిలినవి ‘మైట్’, ‘నైట్’, ‘రైట్’, ‘టైట్’. మాటలు నాలుగు, వరుసలు మూడు. ఒకదాని తర్వాత ఒకటి మూడూ రాశాను. నాలుగోది జవాబు! నూట నలభై రోజులుగా తెగకుండా వస్తున్న గెలుపు అక్కడితో సున్నా అయింది. ఆ పూట ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

మధ్యాహ్నం పడుకుంటే తట్టింది. నాలుగో వరుసలో ‘ఫ్రేమ్’ అని రాయాల్సింది. జవాబు అది కాదని తెలిసే రాయాలి. అందులో ‘ఆర్’, ‘ఎమ్’ రెండూ ఉన్నాయి. ఏది వెలిగితే దానిదే జవాబు. రెండూ వెలగకపోతే ‘నైట్’, ‘టైట్’ మిగులుతాయి, వాటికి రెండు వరుసలూ ఉంటాయి. కేసులు నిలబెట్టే చట్రాన్ని మేం ఫ్రేమనే అనేవాళ్లం. పద్దెనిమిదేళ్లు దాని ముందు నిలబడినవాడికి ఆ ఒక్క మాట గుర్తురాలేదు. సెట్టింగుల్లో హార్డ్ మోడ్ పెట్టుకుంటే మాత్రం ఈ ఉపాయం చెల్లదు, దొరికిన అక్షరాలను ప్రతి వరుసలోనూ వాడి తీరాలి. నేను దాని జోలికి పోను.

ఆ ఓటమి తర్వాత బుద్ధి గడ్డి తిని, మాటలు వెతికిపెట్టే యాప్ ఒకటి దించుకున్నాను. ఎన్ని అక్షరాలో, ఏ అక్షరం ఎక్కడుందో చెబితే జాబితా ఇస్తుంది. ఇచ్చింది కూడా, కానీ సగం మాటలు ఏ మనిషీ పలకనివి. ఒక్కో జాబితాకు ముందు ఒక ప్రకటన. పైగా నా ఫోనులోని పేర్లూ నంబర్లూ చూస్తానని అనుమతి అడిగింది. మాటలు వెతకడానికి మా వియ్యంకుడి నంబరు దేనికి? ఆ సాయంత్రమే తీసేశాను.

వర్డిల్‌లో నాకు గిట్టనిది అమెరికా స్పెల్లింగు. 2022 ఫిబ్రవరిలో ఒకరోజు ‘హ్యూమర్’ జవాబుగా వచ్చినప్పుడు బ్రిటన్ వాళ్లు గొడవ చేశారట. వాళ్ల లెక్కలో అది ‘యు’తో కలిపి ఆరక్షరాల మాట. మన లెక్కలోనూ అంతే. ‘కలర్’లో ‘యు’ వదిలేస్తే మా ప్రెస్సులో ప్రూఫు చూసే మాస్టారు గ్యాలీ (పేర్చిన అక్షరాల పళ్లెం) మొత్తం వెనక్కి పంపేవారు. ఇక్కడ ఆ ‘యు’ను నేనే తీసి పక్కన పెట్టాలి. రెండేళ్లయినా చెయ్యి ఒప్పుకోవడం లేదు.

దీన్ని తయారుచేసిన జోష్ వార్డిల్ తన సహచరి పలక్ షా కోసం చేశాడు. దాదాపు 12,000 ఐదక్షరాల మాటల్లోంచి జనం నోట్లో మెలిగేవి రెండు వేల పైచిలుకు ఏరిపెట్టింది ఆవిడే. ఆట బాగుండటానికి అసలు కారణం ఆ ఏరివేత అని నా నమ్మకం. 2021 నవంబరు 1న ఆడినవారు 90 మంది, రెండు నెలలకు మూడు లక్షలు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. పాత రోజుల ఆటలు తిరగేసి ఆడాలంటే చందా కట్టాలి. నాకు ఆ అవసరం లేదు, రేపటి మాట రేపు వస్తుంది.

ఐదుకు నాలుగు మార్కులు. తగ్గించిన ఒకటి ఆ ‘యు’ ఖాతాలోకి.